దుబాయ్ లెక్క బ్రిటన్‌లో కుదరదు: పౌండ్లు పక్కన పెట్టి గంటలు లెక్కపెడదాం

ఈసారి ఎపిసోడ్ కొంచెం పొడుగుంటది. లెక్కలు ఎక్కువ ఉన్నయి, ఫోన్‌లో క్యాలికులేటర్ ఓపెన్ చేసి పెట్టుకుంటే మంచిది. సెప్టెంబర్ ఇన్‌టేక్‌కి అప్లై చేసినవాళ్లు, చేయాలనుకుంటున్నవాళ్లు ఒంటరిగా చూడకండి. బాపునో, అన్ననో, ఇంట్లో పైసలు తెచ్చేది ఎవరైతే వాళ్లనో పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఎందుకంటే సగం మాట వాళ్లతోనే.

టాపిక్ ఏందంటే, బ్రిటన్‌లో బతకడానికి ఎంత అయితది. దీని మీద ఇప్పటికే వెయ్యి వీడియోలు ఉన్నయి. సూపర్ మార్కెట్‌ల నిలబడి పాల డబ్బా చూపించి, "చూడండి ఫ్రెండ్స్, ఇది మన రూపాయల్లో ఇంత" అంటరు. చూసేవాళ్లు నోరు తెరుస్తరు, వీడియో అయిపోతది. నేను ఆ పని చేయను. పాల డబ్బాను రూపాయల్లోకి మారిస్తే అక్కడ బతికే మనిషి గురించి మనకి తెలిసేది ఏమీ లేదు.

మా కోనరావుపేట మండలం నుంచి మొదలుపెడత. మర్రిమడ్ల పోండి, నిమ్మపల్లి పోండి, మామిడిపల్లి పోండి, ఇంటికొకరు కాకపోయినా వాడకొకరు గల్ఫ్‌ల ఉంటరు. అటు జగిత్యాల, కోరుట్ల, ఇటు సిరిసిల్ల, వేములవాడ, అంతటా అదే కథ. యాభై ఏండ్ల నుంచి ఈ ప్రాంతం దుబాయ్, మస్కట్, సౌదీ, కువైట్ పోయి వస్తున్నది. అందుకని మన దగ్గర ఎవరైనా విదేశం పోతున్నడంటే ఊళ్లో పెద్దమనిషి అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే ఉంటది. "నెలకెంత పంపుతడు?"

అది గల్ఫ్ ప్రశ్న. అక్కడికి సరిగ్గా సరిపోతది. బ్రిటన్‌కి అస్సలు సరిపోదు. ఎందుకో చూద్దాం.

గల్ఫ్‌ల కంపెనీ వీసా మీద పోయిన మనిషి క్యాంపులో ఉంటడు. రూము కంపెనీది. కరెంటు, ఏసీ కంపెనీది. పనికాడికి తీసుకపోయే బస్సు కంపెనీది. తిండి కొన్ని కంపెనీలు పెడతయి, కొన్ని దానికింత అని పైసలు ఇస్తయి. జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. దిర్హమ్, రియాల్ డాలర్‌కి కట్టేసి ఉంటయి కాబట్టి రేటు ఎగుడుదిగుడు కూడా తక్కువ. అంటే జీతం తక్కువైనా, చేతికి వచ్చిన దాంట్లో పెద్ద భాగం ఇంటికి వచ్చే పైసలే. ఆజాద్ వీసా మీద పోయినవాళ్ల సంగతి వేరు, వాళ్లు రూము కిరాయి కట్టుకుంటరు, వాళ్లనడిగితే నేను చెప్పబోయేది వెంటనే అర్థమైతది.

గల్ఫ్‌ని పొగుడుతున్నా అనుకోకండి. పెట్టెల్లో వచ్చిన శవాలను చూసిన ఊళ్లు ఇవి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌ల చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తమని జీవో ఇచ్చిందంటే, దాని వెనుక ఎన్ని ఇండ్లు ఉన్నయో మీకు తెలుసు. నేను మాట్లాడేది ఖర్చు ఎవరి నెత్తి మీద పడతది అన్న ఒక్క విషయం గురించే.

బ్రిటన్‌లో ఆ ఖర్చు మొత్తం నీ నెత్తి మీదనే. రూము నీది, వేడి నీది, బస్సు నీది, తిండి నీది. పైగా నువ్వు పోయేది పనికి కాదు, చదువుకి. పని చేయనిస్తరు, కానీ క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటొద్దు. ఇప్పుడు క్యాలికులేటర్ తీయండి.

2026 ఏప్రిల్ నుంచి అక్కడ 21 ఏండ్లు దాటినవాళ్లకి గంటకి కనీస వేతనం 12 పౌండ్ల 71 పెన్నీలు. వారానికి 20 గంటలు అంటే 254 పౌండ్లు. సంవత్సరంలో 52 వారాలు, 12 నెలలు. నెలకి సగటున 1,101 పౌండ్లు వస్తయి. ఇది పై హద్దు. ఒక్క వారం కూడా పని తప్పకుండా, ఒక్క రోజు కూడా జ్వరం రాకుండా, చట్టం ఒప్పుకున్నంత పని మొత్తం దొరికితే వచ్చేది. అంతకంటే ఎక్కువ జీతం ఇచ్చే పార్ట్ టైమ్ ఉద్యోగం కొత్తగా దిగినవాళ్లకి దొరకడం అరుదు.

ఇప్పుడు రెండో నంబర్. స్టూడెంట్ వీసాకి అప్లై చేసేటప్పుడు ఫీజు కాకుండా బతకడానికి పైసలు ఉన్నయని చూపించాలి కదా. 2025 నవంబర్ 11 నుంచి ఆ మొత్తం లండన్ బయట అయితే నెలకి 1,171 పౌండ్లు, లండన్ అయితే 1,529. తొమ్మిది నెలలకి చూపించాలి. బయటికి 10,539 పౌండ్లు, లండన్‌కి 13,761. పౌండ్ 120 రూపాయలు వేసుకుంటే పన్నెండున్నర లక్షలు దాటుతది, లండన్ అయితే పదహారున్నర లక్షలు.

ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టండి. నెలకి కనీసం 1,171 ఉండాలని చెప్పేది అక్కడి ప్రభుత్వమే. నెలకి సగటున 1,101 దాటి సంపాదించలేని రూలు పెట్టింది కూడా అదే ప్రభుత్వం. లండన్‌ల అయితే తేడా 428 పౌండ్లు. అంటే "పార్ట్ టైమ్ చేసుకుని బతికేస్తడు, ఇంటికి కూడా కొంత పంపుతడు" అన్న మాట బ్రిటన్ ప్రభుత్వ లెక్కల్లోనే కుదరదు. ఇంకెవరో నెగటివ్ వీడియో చేసి చెప్పాల్సిన అవసరం లేదు. ఎండాకాలం సెలవుల్లో ఫుల్ టైమ్ చేయొచ్చు కదా అంటరు. డిగ్రీ పిల్లలకి అది నిజమే. మనోళ్లు ఎక్కువమంది పోయేది ఏడాది మాస్టర్స్‌కి. దాంట్లో ఎండాకాలమంటే డిసర్టేషన్ రాసే కాలం, మామూలుగా దాన్ని సెలవు కింద లెక్కపెట్టరు.

మరి ఆ 10,539 పౌండ్లు ఎక్కడ పోతున్నయి? ఇక్కడే అసలు దెబ్బ ఉంది.

రూలు ప్రకారం ఆ పైసలు 28 రోజులు అకౌంట్‌ల కదలకుండా ఉండాలి. దాంతో మన దగ్గర ఏమైంది? అది "28 రోజుల పని" అయిపోయింది. ఫైనాన్సర్ దగ్గర తెస్తరు, అకౌంట్‌ల వేస్తరు, స్టేట్‌మెంట్ తీస్తరు, వీసా రాంగనే వడ్డీతో వాపస్ ఇస్తరు. "ఫండ్స్ మేమే చూపిస్తం" అని బోర్డు మీద రాసుకునే కన్సల్టెన్సీలు ఉన్నయి. బాపుకి అది ఒక ఫార్మాలిటీ అని చెప్తరు, పాస్‌పోర్ట్ ఫొటో లాగ. కానీ ఆ మొత్తం ఫార్మాలిటీ కోసం పుట్టింది కాదు. తొమ్మిది నెలల కిరాయి, తిండి, బస్సు కలిపితే ఇంత అయితదని వేసిన అంచనా అది. దాన్ని వాపస్ ఇచ్చి విమానం ఎక్కినోడు, తొమ్మిది నెలల తిండి ఇక్కడే వదిలేసి ఎక్కినట్టు.

సరే, ఇప్పుడు ధరల సంగతి. అక్కడ ఇంత ఎందుకు పెరిగింది? కొంచెం వెనక్కి పోవాలి.

2021 చివరి నుంచే యూరప్‌ల గ్యాస్ రేటు ఎక్కుతున్నది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి పోయినంక ఇంకా ఎగిరింది. బ్రిటన్ నేరుగా రష్యా దగ్గర కొనే గ్యాస్ తక్కువే, కానీ యూరప్ మార్కెట్ మొత్తానికి రేటు ఒక్కటే కాబట్టి దెబ్బ తప్పలేదు. అక్కడ ఎక్కువ ఇండ్లు వేడెక్కేది గ్యాస్ బాయిలర్‌తోనే. కరెంటు రేటుని కూడా చాలాసార్లు గ్యాస్ ప్లాంట్లే నిర్ణయిస్తయి. ఆఫ్‌జెమ్ అని ఒక రెగ్యులేటర్ ఉంది, మామూలు ఇంటికి గ్యాస్, కరెంటు కలిపి ఏడాదికి ఎంత అయితదో క్యాప్ ప్రకటిస్తది. 2021 అక్టోబర్‌లో అది 1,277 పౌండ్లు. 2022 అక్టోబర్‌కి 3,549 ప్రకటించింది. ప్రభుత్వం భయపడి, మిగతాది మేము భరిస్తమని జనం మీద పడేది 2,500 దగ్గర ఆపింది. 2025లో 1,700కి, 1,850కి మధ్య తిరిగింది. చూడండి, గండం గడిచినంక కూడా పాత రేటు రాలేదు.

ఇంకొక మాట, క్యాప్ అనేది యూనిట్ రేటు మీద, నీ బిల్లు మీద కాదు. ఎక్కువ కాలిస్తే ఎక్కువ వస్తది. మన దగ్గర సిరిసిల్ల సెస్ కరెంటు వాడే ఇంట్లో పుట్టినోళ్లకి ఇది కొత్తగా అనిపిస్తది. 2024 మార్చి నుంచి 200 యూనిట్ల లోపు గృహజ్యోతి జీరో బిల్లు చూసిన ఇండ్లు మనవి. అక్కడ కొన్ని ఇండ్లల్లో ప్రీపెయిడ్ మీటర్ ఉంటది. ఫోన్ రీచార్జ్ లాగ వేసుకోవాలి. బ్యాలెన్స్ అయిపోతే వేడి ఆగుతది. జనవరిలో.

గ్యాస్ పెరిగితే తిండి కూడా పెరుగుతది, ఎరువులు గ్యాస్‌తోనే తయారైతయి కాబట్టి. 2022 అక్టోబర్‌లో బ్రిటన్‌లో ధరల పెరుగుదల 11.1 శాతం, నలభై ఏండ్లల్లో ఎప్పుడూ లేనంత. తిండి సామాను అయితే 2023 మార్చిలో 19 శాతం దాటింది. 2022 జనవరి నుంచి 2024 జనవరి దాకా రెండేండ్లలో తిండి రేట్లు దాదాపు పావు వంతు పెరిగినయి. 2023 ఫిబ్రవరిలో టమాటలకి కూడా రేషన్ పెట్టిండ్రు. స్పెయిన్, మొరాకోల వాతావరణం పాడై పంట రాలేదు. సొంతంగా పండిద్దామంటే గ్రీన్‌హౌస్‌కి గ్యాస్ ఖర్చు. టెస్కో, ఆస్డా లాంటి షాపుల్లో ఒక్కో మనిషికి ఇన్ని ప్యాకెట్లే అని బోర్డు పెట్టిండ్రు. టర్నిప్ దుంపలు తినొచ్చు కదా అన్నట్టు అక్కడి మంత్రి థెరీస్ కాఫీ పార్లమెంట్‌ల మాట్లాడితే దేశం మొత్తం నవ్వింది. అదే ఏడాది జూలైలో మన దగ్గర టమాట కిలో వంద దాటి, కొన్ని చోట్ల రెండు వందల దాకా పోయింది, మనకు మాత్రం నవ్వు రాలేదు.

2024 మే నాటికి పెరుగుదల 2 శాతానికి దిగింది. 2025 ఎండాకాలంలో మళ్లీ 3.8కి ఎక్కింది. "ఇన్‌ఫ్లేషన్ తగ్గింది, ఇప్పుడు పరవాలేదు" అని ఏజెంట్ చెప్తే జాగ్రత్త. ఇన్‌ఫ్లేషన్ తగ్గితే రేట్లు తగ్గవు, రేట్లు ఎక్కే స్పీడు తగ్గుతది. బైక్ 80 నుంచి 20కి తగ్గితే వెనక్కి పోదు కదా, ముందుకే పోతది.

బియ్యం ముచ్చట ఒకటి చెప్పకపోతే నిద్ర పట్టదు, మనది వరి పండించే మండలం కదా. 2023 జూలై 20న మన కేంద్ర ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. మనం తినే సోనా మసూరి దాంట్లోకే వస్తది. అమెరికాల మనోళ్లు బియ్యం బ్యాగుల కోసం ఎగబడ్డ వీడియోలు మీరు చూసే ఉంటరు. 2024 సెప్టెంబర్‌లో నిషేధం ఎత్తేసిండ్రు. నిషేధం పెట్టిన సీజన్‌ల ఇక్కడ మామూలు వడ్లకి మద్దతు ధర క్వింటాల్‌కి 2,183 రూపాయలు, ఏ గ్రేడ్‌కి 2,203. అంటే అక్కడ కొడుకు కొనే బ్యాగు రేటు ఎటు పోయినా, ఇక్కడ తూకం వేసే బాపుకి దాంతో ఒరిగింది ఏమీ లేదు.

తిండి విషయంలో ఒక మంచి మాట కూడా చెప్పాలి. అక్కడ బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు, గుడ్లు, పచ్చి మాంసం లాంటి వాటి మీద వ్యాట్ లేదు, సున్నా. వేడివేడిగా కట్టిచ్చే బిర్యానీ మీద 20 శాతం ఉంది. చిప్స్ మీద, చాక్లెట్ పూసిన బిస్కెట్ మీద కూడా 20. కేక్ మీద లేదు. అందుకే జాఫా కేక్స్ అనేది కేకా, బిస్కెటా అని కంపెనీ కేసు దాకా పోయి 1991లో కేకే అని తేల్పించుకుంది. నవ్వొస్తది గానీ, మనకి పనికొచ్చే సంగతి ఇది: వంట వచ్చినోడికి బ్రిటన్ ఒక దేశం, వంట రానోడికి ఇంకొక దేశం. పోయే ముందు అవ్వ దగ్గర రెండు నెలలు నిలబడి నేర్చుకోండి. ఐఈఎల్‌టీఎస్‌కి కోచింగ్ తీసుకుంటరు గానీ పప్పు వండడానికి తీసుకోరు.

ఇక గంటల లెక్క. మా మండలం నుంచే పోయి లండన్ బయట ఒక ఊళ్లో మాస్టర్స్ చేస్తున్న తమ్ముడు తన ఖర్చుల షీట్ నాకు పంపిండు. పేరు, ఊరు, యూనివర్సిటీ చెప్పను. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసినా ఎక్సెల్ మాత్రం వదల్లేదు, అందుకని ఆ షీట్‌ని పట్టుకుని పౌండ్ల కాలమ్ పక్కన ఇంకొక కాలమ్ పెట్టిన. ఒక్కో ఖర్చుకి ఎన్ని గంటలు పని చేయాలి? గంటకి 12.71 లెక్కన.

ఒక ఇంట్లో ఇంకొకరితో రూము పంచుకుంటే, బిల్లులన్నీ కలిపి తన వాటా 450 పౌండ్లు. అంటే 35 గంటలు. వండుకుని తింటే తిండికి 150, అంటే 12 గంటలు. బస్సుకి 60 పౌండ్ల చిల్లర, 5 గంటలు. బస్సు గురించి చెప్పాలంటే, ఇంగ్లాండ్‌ల ఒక్క ట్రిప్పుకి 2 పౌండ్లు దాటొద్దని 2023లో క్యాప్ పెట్టిండ్రు, 2025 జనవరి నుంచి అది 3 పౌండ్లు అయింది. ఫోన్‌కి ఒక గంట. మొత్తం 53 గంటలు. ఇది సినిమా లేదు, బట్టలు లేవు, ఇంటికి ఒక్క రూపాయి లేదు, వట్టి బతుకు.

నెలకి చట్టం ఒప్పుకునేది సగటున 87 గంటలు. 53 తీసేస్తే 34 గంటలు మిగులుతయి కదా, బాగానే ఉంది కదా అనిపిస్తది. కానీ ఆ తమ్ముడికి 87 గంటలు ఎప్పుడూ రాలేదు. అక్కడ జీరో అవర్స్ కాంట్రాక్ట్ అని ఉంటది. పనిలో పెట్టుకుంటరు, కానీ వారానికి ఎన్ని గంటలు ఇస్తమనేది గ్యారంటీ ఇవ్వరు. మేనేజర్ మెసేజ్ పెడితే షిఫ్ట్, లేకపోతే లేదు. తనకి సగటున వారానికి 12 గంటలు దొరికినయి. నెలకి 52 గంటలు. ఖర్చు 53 గంటలు. మొదటి రెండు నెలలైతే పనే దొరకలేదు, ఆ రెండు నెలల కిరాయి వెనకాలనే వస్తున్నది.

ఇప్పుడు బాపు కాలమ్ వేద్దాం. ఆ కాలమ్ ఏ వీడియోలో చూపించరు. మన దగ్గర బ్యాంకు లోనుకి ఆస్తి కాగితం, ష్యూరిటీ అన్నీ కుదరక పది లక్షలు బయట తెచ్చిండ్రు అనుకుందాం, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకి 20,000. పౌండ్లలో 167. గంటల్లో 13. అసలు ముట్టుకోకుండా, వట్టి వడ్డీకే. అంటే ఆ తమ్ముడు వారంలో చేసే 12 గంటల పని కంటే ఒక గంట ఎక్కువ. నెలలో ఒక వారం పూర్తిగా కోనరావుపేటలో ఒక ఫైనాన్సర్ కోసం పని చేస్తున్నట్టు. కిరాయికి మూడు వారాలు ఇంతకుముందే పోయినయి. తిండికి వారం లేదు.

అప్పుడు ఏం చేస్తరు? ఖర్చు ఇంకా తగ్గదు, వడ్డీ ఆగదు, గంట రేటు మన చేతుల లేదు. మిగిలింది ఒక్కటే, గంటలు పెంచడం. ఎవరో చెప్తరు, "క్యాష్ ఇస్తరు, కాగితం మీద ఉండదు" అని. క్యాష్ అంటే 12.71 ఇవ్వరు, ఆరో ఏడో చేతిలో పెడతరు. అడిగే హక్కు లేదు, ఎందుకంటే కంప్లయింట్ ఇస్తే ముందు దొరికేది నువ్వే. ఇంకొకరు ఫుడ్ డెలివరీ అకౌంట్ అద్దెకి తీసుకోమంటరు. స్టూడెంట్ వీసా మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ కుదరదు, డెలివరీ యాప్ పని దాని కిందికే వస్తది. 20 గంటల లోపు చేసినా తప్పే. పట్టుబడితే వీసా పోతది. వీసా పోతే చదువు పోతది, చదువు పోయినా అప్పు ఉంటది.

మనోళ్లను అక్కడ పోలీసులు పట్టుకున్నరని వార్త వస్తే ఊళ్లో "వానికి ఆశ ఎక్కువ" అంటరు. కొందరికి ఉండొచ్చు. నేను చూసిన షీట్లలో మాత్రం ఆశ కనబడలేదు, 13 గంటల వడ్డీ కనబడ్డది.

రూపాయి సంగతి ఒకటి తొందరగా చెప్తా. 2022 సెప్టెంబర్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం మినీ బడ్జెట్ పెట్టి మార్కెట్‌ని భయపెడితే పౌండ్ కూలిపోయింది, 90 రూపాయల కిందికి వచ్చింది. 2024 మొదట్లో 105 దగ్గర ఉంది. తర్వాత 120 చుట్టూకి ఎక్కింది. ఫీజు సగం కట్టి పోయి, మిగతా 7,500 పౌండ్లు తర్వాత కడదామనుకున్నోడికి 105 దగ్గర అది ఏడు లక్షల 87 వేలు. 120 దగ్గర తొమ్మిది లక్షలు. యూనివర్సిటీ ఒక్క పౌండ్ పెంచలేదు, అయినా లక్షా పన్నెండు వేలు పెరిగింది. అదే నువ్వు అక్కడ సంపాదించే రోజు వస్తే ఇదే రేటు నీకు లాభం. చదివేటప్పుడు కొడతది, సంపాదిస్తే పెడతది. మధ్యలో ఉద్యోగం దొరకాలి, అంతే.

ఆ ఉద్యోగం సంగతి కూడా ఇప్పుడు ముందటి లెక్క లేదు. స్కిల్డ్ వర్కర్ వీసాకి 2025 జూలై 22 నుంచి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి. చదువు అయిపోయి కొత్తగా మారేవాళ్లకి 33,400. ఆ 33,400 వచ్చింది అనుకున్నా ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ పోయి నెలకి చేతికి 2,300 చుట్టూ వస్తది. చదువుకునేటప్పుడు స్టూడెంట్లే ఉన్న ఇంటికి కౌన్సిల్ టాక్స్ లేదు, కోర్సు అయిపోంగనే అది మొదలు. చదువు తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేండ్లు ఉండే, 2027 జనవరి నుంచి అప్లై చేసే మాస్టర్స్ వాళ్లకి 18 నెలలే. ఈ సెప్టెంబర్‌లో చేరేవాళ్లు కోర్సు అయిపోయేసరికి 2027 వస్తది. అంటే మీరందరూ 18 నెలల లెక్కలోనే ఉన్నరు. మీ సీనియర్ కథ విని రెండేండ్లు అనుకోకండి.

"అయితే పోవద్దంటవా అన్నా?" అని అడుగుతరు. అట్ల అనను. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో మన దేశం వాళ్లకి బ్రిటన్ లక్షా నలభై వేలకి పైగా స్టూడెంట్ వీసాలు ఇచ్చింది. అంతమందిలో మంచిగ సెటిల్ అయినవాళ్లు నాకే తెలిసినోళ్లు ఉన్నరు. వాళ్లలో ఎక్కువమందికి ఒక పోలిక ఉంది. తొమ్మిది నెలల పైసలు నిజంగానే చేతుల పట్టుకుని దిగిండ్రు. పార్ట్ టైమ్ జీతం బతకడానికి సాయం కింద వాడుకున్నరు, ఇంటికి పంపడానికి పెట్టుకోలేదు. మొదటి నుంచే ఉద్యోగం కోసం చదివే టైమ్ మిగిలింది. 30 గంటలు క్యాష్ పని చేసి వచ్చినోడు ఇంటర్వ్యూకి ఎప్పుడు ప్రిపేర్ అయితడు చెప్పండి.

పైసలు తెచ్చే దారి కూడా ఫైనాన్సర్ ఒక్కడే కాదు. ఎస్సీ, ఎస్టీలకి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకి మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకి సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నయి. 20 లక్షల దాకా ఇస్తరు. ఆదాయ పరిమితి, మార్కుల రూల్స్ ఉన్నయి, ఎంపిక ఉంటది, పైసలు వచ్చేసరికి ఆలస్యం కూడా అయితది. కానీ రెండు రూపాయల వడ్డీకి సంతకం పెట్టే ముందు ఇది అప్లై చేయనోడిని చూస్తే నాకు బాధ అయితది.

దిగినంక మొదటి వారంలో మోసపోయేది రూము దగ్గరనే. ఇంగ్లాండ్‌ల డిపాజిట్ మామూలుగా ఐదు వారాల కిరాయి కంటే ఎక్కువ తీసుకోకూడదు. తీసుకున్న డిపాజిట్‌ని 30 రోజుల లోపల ప్రభుత్వం ఒప్పుకున్న స్కీమ్‌ల పెట్టాలి. 2026 మే 1 నుంచి ప్రైవేట్ ఇండ్ల ఓనర్లు ఒక నెల కంటే ఎక్కువ కిరాయి ముందుగా అడగడానికి కూడా లేదు. ముందు ఆరు నెలలు, ఏడాది కిరాయి ఒకేసారి అడిగేవాళ్లు, షూరిటీ లేని మన పిల్లలు అక్కడనే సగం ఖాళీ అయ్యేది. ఇక్కడ కూర్చుని వాట్సాప్‌ల ఫొటో చూసి డిపాజిట్ మాత్రం పంపకండి, ఆ పంపేది మనోడే అని చెప్పినా సరే. మనోడే అని చెప్తే ఇంకా జాగ్రత్త.

ఇప్పుడు పక్కన కూర్చున్న బాపుకి. కాకా, ఒక్క మాట. మీరు మస్కట్‌ల పదేండ్లు ఉండి వచ్చిండ్రు కావచ్చు, పోయిన రెండో నెల నుంచే పంపిండ్రు కావచ్చు. పిల్లగాడు ఆరో నెల దాకా ఏమీ పంపకపోతే అక్కడ తిరుగుతున్నడని అనుకోకండి. ఫోన్‌ల "ఎప్పుడు పంపుతవ్ బిడ్డా" అని అడిగే ముందు "ఈ వారం ఎన్ని గంటలు దొరికినయి" అని అడగండి. పన్నెండు అని చెప్తే మీకు మొత్తం అర్థమైతది, ఇంకేం అడగాల్సిన పని ఉండదు. ముప్పై అని చెప్తే భయపడండి.

షీట్‌ని తెలుగులో చేసి పెట్టిన. మీ ఊరి వడ్డీ రేటు, మీ కోర్సు ఫీజు, ఆ రోజు పౌండ్ రేటు వేస్తే గంటల కాలమ్ అదే వస్తది. వారానికి దొరికే గంటల దగ్గర 20 అని వేయకండి, 12 వేసి చూడండి. వచ్చేసారి గ్రాడ్యుయేట్ వీసా 18 నెలల సంగతి, ఆ టైమ్‌ల ఉద్యోగం వెతికేటోళ్లతో మాట్లాడదాం. ఉంట మరి.